ఉదయగిరి నుండి సోమశిల దాకా: యాత్రికుడు చూడని చరిత్ర

యాత్ర అనగానే మనవారు ఢిల్లీ, ఆగ్రా, హైదరాబాదులనే తలచుకుంటారు. జామా మసీదు, తాజ్ మహల్, చార్మినారు చూసి, బిర్యానీ తిని, ఒక రాత్రి ఖవ్వాలీ విని వస్తే యాత్ర ముగిసిందనుకుంటారు. ఇందులో తప్పేమీ లేదు. కాని భూమిపై సంచరించి పూర్వులు ఏమైనారో గమనించమన్న ఖుర్ఆన్ హితవును మనసులో ఉంచుకొని బయలుదేరేవారికి నెల్లూరు పట్టణమూ, దానికి పడమట నున్న ఆత్మకూరు, ఉదయగిరి, సోమశిల ప్రాంతమూ రెండు మూడు రోజులకు సరిపడే విషయం ఇస్తాయి.

మొదట ఉదయగిరి. నెల్లూరు నుండి సుమారు 100 కిలోమీటర్లు. కొండ ఎత్తు దాదాపు 3,079 అడుగులు. గజపతుల చేతిలో నున్న ఈ దుర్గాన్ని శ్రీకృష్ణదేవరాయలు ఏడాదిన్నర ముట్టడించి 1514లో గెలిచాడు. ఇక్కడి బాలకృష్ణ విగ్రహాన్ని హంపీకి తీసుకొనిపోయి 1515లో ప్రతిష్ఠించాడు. తరువాత కోట గోల్కొండ కుతుబ్ షాహీల వశమైంది. 18వ శతాబ్దంలో ఆర్కాటు నవాబుల ఏలుబడి వచ్చింది. 1839లో కంపెనీ ప్రభుత్వం ఇక్కడి చివరి జాగీర్దారుపై రాజద్రోహం మోపి, జాగీరును స్వాధీనం చేసుకొని, ఆయనను చెంగల్పట్టుకు పంపివేసింది. కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్ పట్టుబడినదీ ఆ సంవత్సరమే. కొండపై ఆలయాలూ మసీదులూ నేడు ఒకే తీరుగా శిథిలమై ఉన్నవి. పైకెక్కిన వారికి రాజ్యం ఎవరిదన్న ప్రశ్న కంటె, అంత ఎత్తున నీరు ఎలా నిలుపుకొన్నారన్న ప్రశ్నే ముందు తోస్తుంది.

అయితే ఉదయగిరిలో బ్రతికి ఉన్న చరిత్ర కొండపైన లేదు, కింద దిలావర్ భాయి వీధిలో ఉన్నది. అక్కడి ముస్లిం కుటుంబాలు, ముఖ్యంగా స్త్రీలు, నర్ది, బిక్కి వంటి అడవి కలపతో చెంచాలు, గరిటెలు, ఫోర్కులు, దువ్వెనలు చెక్కుతారు. పిడిపై తీర్చే లతల జాలీ పనిలో పారశీక కళ ఛాయలు కనిపిస్తాయి. ఈ వస్తువులకు భౌగోళిక గుర్తింపు లభించింది. గుర్తింపు వచ్చినంత మాత్రాన కూలి గిట్టుతుందా? ఒక్క చెంచాకు రంపము, ఉలి, ఆకురాయి అన్నీ తగలాలి. కలప అడవి నుండి రావాలి. యంత్రం మీద చేసిన చౌక సరకుతో పోటీ పడాలి. తల్లి నేర్పిన పనిని కూతురు చేపట్టకపోతే కోటగోడలతో పనిలేకుండానే ఒక చరిత్ర ముగుస్తుంది.

ఆత్మకూరు సమీపాన అనుమసముద్రంపేటలో, రహమతాబాదు అని మనవారు పిలిచే చోట, 18వ శతాబ్దపు సూఫీ హజ్రత్ ఖ్వాజా రహమతుల్లా నాయబ్ రసూల్ (రహ్) దర్గా ఉన్నది. ఉర్సు రోజులలో ఖవ్వాలీ వినవచ్చును. సమా విషయమై ఉలమాలలో భేదాభిప్రాయాలున్న సంగతి పాఠకులకు విదితమే. వాదం అటుంచితే, హిందూ ముస్లిములు ఒకే చాపపై కూర్చుండి వినుట ఈ జిల్లా చరిత్రలో భాగము. సంగీతం మాట వచ్చింది కనుక పొరుగున ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చిన మౌలానాను మరువరాదు. నాదస్వరంతో శ్రీరంగంలో స్థిరపడి 1977లో పద్మశ్రీ పొందిన ఆయన 1999లో మరణించారు.

సోమశిల వద్ద పెన్న వెలిగొండలను చీల్చుకొని బయటపడుతుంది. ఇక్కడి ఆనకట్ట 1989లో పూర్తయింది. సామర్థ్యం 78 టి.ఎం.సి.లు. ఈ నీటితో నెల్లూరు వరిచేలు పండుతున్నవి. కండలేరు మీదుగా మద్రాసు దాహం తీరుతున్నది. ఎగువన కడప జిల్లా గ్రామాలు కొన్ని మునిగిపోయినవి. జలాశయపు అందం చూచేవారు ఆ ఊళ్లను కూడా తలచుకోవడం న్యాయం.

భోజనం సంగతి. నెల్లూరు చేపల పులుసులో మామిడికాయ ముక్క లేకపోతే రుచి లేదు. మనవారి ఇండ్లలో కుష్కా, దాల్చా. మెట్ట పల్లెలలో జొన్నరొట్టె. మొహర్రంలో నెల్లూరు స్వర్ణాల చెరువు వద్ద, బారా షహీద్ దర్గా చెంత, రొట్టెల పండుగ జరుగుతుంది. కోరిక తీరినవారు రొట్టె పంచుతారు, కోరిక గలవారు అందుకొంటారు: చదువు రొట్టె, ఆరోగ్య రొట్టె, పెండ్లి రొట్టె. 2015లో దీనిని రాష్ట్ర పండుగగా ప్రకటించారు. ఇది ధర్మసమ్మతమా అన్నది ఉలమాలు తేల్చవలసిన విషయం. చరిత్ర విద్యార్థి గమనించవలసినది, మతం అడగకుండా ఒకరి చేతి రొట్టె మరొకరు తింటున్నారన్నదే.

రాజుల పేర్లు శాసనాలలో మిగిలినవి. చెంచా చెక్కిన స్త్రీల పేర్లు ఎక్కడా లేవు. కనుక ఉదయగిరి వెళ్లే సోదరులు కోట చూచి వెనుదిరుగక, ఆ వీధికి వెళ్లి, బేరమాడక ఒక చెంచా కొని, దానిని చెక్కిన ఆమెకు ఆ పని నేర్పినవారెవరో అడిగి వ్రాసుకొని రావలెనని మనవి.