కారం, రోకలి, వడిసెల

పెద్దేముల్ కంది చేలల్లోకి ఒంటరిగా వెళ్ళే ఆడపిల్లలకి ఏం నేర్పాలి? గొంతెత్తి అరవడం, పట్టుకున్నవాడి బొటనవేలి వైపు మణికట్టు తిప్పి చెయ్యి లాక్కోవడం, మోకాలితో కొట్టడం, జనమున్న వైపు పరుగెత్తడం. ఆత్మరక్షణ మనకి కొత్త విద్యేమీ కాదు. 1946-51 తెలంగాణ సాయుధ పోరాటంలో దొరల గూండాలూ, రజాకార్లూ, పోలీసులూ మీద పడితే స్త్రీలు కారం, రోకళ్ళు, వడిసెలలు అందుకున్నారు. ఆ పోరాట స్త్రీల జ్ఞాపకాలను స్త్రీశక్తి సంఘటన 1986లో 'మనకు తెలియని మన చరిత్ర'గా అచ్చువేసింది. వంటింటి వస్తువులు ఆయుధాలయ్యాయి. పక్కింటి ఆడవాళ్ళు పరుగెత్తి రావడం అంతకన్నా పెద్ద బలం.

మరి ఎదిరించలేకపోయిన వాళ్ళ మాటేమిటి? 1972లో మహారాష్ట్రలో, పోలీసుస్టేషన్లోనే మధుర అనే ఆదివాసీ బాలికపై అత్యాచారం జరిగింది. ఒంటిమీద గాయాలు లేవన్నదాన్నీ ఒక కారణంగా చూపి 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనీ విడుదల చేసింది. ప్రతిఘటన అలా హక్కు కాకుండా, ఆమె నెగ్గవలసిన పరీక్ష అయింది. దేశమంతా స్త్రీలు వీధుల్లోకి వచ్చాక 1983లో చట్టం కొంత మారింది. ప్రతిఘటించనంత మాత్రాన సమ్మతించినట్టు కాదని చట్టంలో రాయించుకోవడానికి 2013 దాకా ఆగాల్సి వచ్చింది.

భయంతో ఒళ్ళు కొయ్యబారిపోవచ్చు. ప్రాణం దక్కాలని మౌనంగా ఉండిపోవచ్చు. అదీ బతకడమే. అందుకే పిల్లలకి దెబ్బ ఎలా కొట్టాలో నేర్పుదాం. కొట్టలేకపోయినా తప్పు తమది కాదనీ నేర్పుదాం.