పదహారణాల నుంచి నూటికి: మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల్లో శాతాల బోధనకు చారిత్రక నేపథ్యం

సంపూర్ణతను చెప్పడానికి తెలుగులో రెండు పలుకుబళ్లు స్థిరపడ్డాయి: ‘పదహారణాల’, ‘నూటికి నూరుపాళ్లు’. మొదటిదానికి మూలం నాణెం. రెండోదానికి మూలం నూటిని ప్రమాణంగా తీసుకొనే గణన. ప్రాథమిక పాఠశాలలో శాతాల పాఠం ఈ రెండు ప్రమాణాల నడుమ నలిగింది. ఆ సంగతిని విస్మరిస్తే, ఇంట్లో వడ్డీ లెక్కలు వింటూ పెరిగే పిల్లలకు కూడా ఆ పాఠం ఎందుకు కొరుకుడుపడదో బోధపడదు.

నూటి ప్రమాణం పరాయిది కాదు. కౌటిల్యుని అర్థశాస్త్రం నూరు పణాలకు నెలకు 1¼ పణాన్ని ధర్మవడ్డీగా నిర్దేశించింది. ఏడాదికి అది 15 శాతం. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట అమోఘవర్షుని కాలంలో మహావీరాచార్యుడు రచించిన గణితసారసంగ్రహంలో వడ్డీ లెక్కలు విస్తారంగా ఉన్నాయి. పావులూరి మల్లన దానిని తెలుగు చేశాడు. ఈ సంప్రదాయంలో శాతాలకు వేరే అధ్యాయం లేదు, అవసరమూ లేదు. ‘నూటికి ఇంతైతే ఇన్నింటికి ఎంత?’ అన్న త్రైరాశికమే సాధనం.

చిక్కు నాణెంతో వచ్చింది. రూపాయికి 16 అణాలు, అణాకు 12 దమ్మిడీలు, అంటే మొత్తం 192 దమ్మిడీలు. రూపాయిలో 5 శాతం కట్టాలంటే 9.6 దమ్మిడీలు, చేతికి అందని లెక్క. అందువల్ల ‘రూపాయికి అణా’ అనడమే సులువు. అది 6¼ శాతం. 16కూ 100కూ నిశ్శేషంగా కుదిరేవి పావు, అర, ముప్పావు మాత్రమే. పావలా 25, అర్ధరూపాయి 50, ముప్పావలా 75. ఆ కింద బేడ 12½, అణా 6¼. వీధిబడిలో భిన్నాల ఎక్కాలు వల్లించిన విద్యార్థికి వీసం, పరక కంఠస్థం. శాతం మాత్రం పుస్తకంలోని మాట.

1957 ఏప్రిల్ 1న రూపాయి 100 నయాపైసలైంది. ఆనాటి నుంచి రూపాయికి ఎన్ని పైసలో అన్ని శాతం. శాతాల బోధనలో ఇంతకంటే పెద్ద సంస్కరణ మరొకటి లేదనవచ్చు. అది పాఠ్యప్రణాళిక వల్ల కాక నాణేల చట్టం వల్ల వచ్చింది.

ఈ మూడు ఊళ్ల పూర్వచరిత్ర ఒకటి కాదు. 1911లో చిత్తూరు జిల్లా ఏర్పడే నాటికి మదనపల్లె కడప జిల్లాలో, పుంగనూరు, కంగుంది జమీందారీలు ఉత్తర ఆర్కాటులో ఉండేవి. కంగుందిలో భాగమైన కుప్పం తమిళ, కన్నడ సీమల అంచు. తెలుగు ‘శాతం’, తమిళ ‘సదవీదం’, కన్నడ ‘శేకడ’ పొలిమేర దాటితే వినిపించే మాటలు. మూడింటిలోనూ నూరు దాగి ఉంది. ఉపాధ్యాయుడు దానిని బయటికి తీస్తే పాఠంలో సగం పూర్తయినట్లే.

బోధనా పద్ధతి విషయంలో మదనపల్లె సమీపంలోని రిషివ్యాలీ గ్రామీణ పాఠశాలల ప్రయోగం ప్రధానమైనది. పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను చిన్న మెట్లుగా విడదీసి, కార్డులుగా కూర్చి, ప్రతి బిడ్డా తన వేగంతో ఎక్కే నిచ్చెనను రూపొందించారు. కర్ణాటకలోని ‘నలి కలి’కి ఇది ప్రేరణ. మెట్ల క్రమం శాతాలకు ప్రత్యేకంగా నప్పుతుంది: ముందు అర, పావు, తరువాత పదోవంతు, పదిలో సగం ఐదు. సూత్రం చివరి మెట్టు కావాలి. చాలాచోట్ల అదే మొదటి మెట్టు.

అయితే ఏ నిచ్చెనైనా ఒక మాట దగ్గర ఆగి చూడాలి. పల్లెలో ‘రెండు రూపాయల వడ్డీ’ అంటే నూటికి, నెలకు. ‘నెలకు’ అన్నది ఎవరూ పలకరు. బ్యాంకు చెప్పే 12 శాతం ఏడాదికి. పాఠం సరిగా రాని పిల్లవాడికి 2 కంటే 12 ఆరు రెట్లు ఎక్కువగా తోస్తుంది. బారువడ్డీ లెక్కన 2 అంటే 24, బ్యాంకు వడ్డీకి రెట్టింపు. టమాటా, పట్టు, పాడి మీద బతికే కుటుంబాల్లో ఈ పొరపాటు కాగితం మీదే ఆగదు.

2004లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వయం సహాయక సంఘాల మహిళలకు ప్రకటించిన ‘పావలా వడ్డీ’ ఈ చరిత్రనంతటినీ ఒక్క పేరులో ఇముడ్చుకుంది. అణాల కాలపు పేరు, నయాపైసల విలువ, కౌటిల్యుని నాటి నెలసరి నూటి ప్రమాణం: నూటికి నెలకు 25 పైసలు, ఏడాదికి 3 శాతం. 25 పైసల నాణెం 2011 జూన్ 30తో చెలామణి నుంచి తప్పుకుంది. ఆ తరువాత పుట్టి ఈనాడు బడిలో ఉన్న బిడ్డకు తల్లి సంఘం పుస్తకంలోని ‘పావలా’ నాణెంగా తెలియదు. దానిని 3గా మార్చి చూపే పని ఉపాధ్యాయుడిది.