తెలుగు ఉచిత విజ్ఞాన వెబ్‌సైట్లు

తెలుగు పుస్తకాలు, నిఘంటువులు, శాసనాలు, ఊళ్ల చరిత్రలను ఎవరైనా పైసా ఖర్చు లేకుండా చదువుకునేలా అంతర్జాలంలో ఉంచి నడిపే వేదికలివి. 1990లలో ప్రవాసాంధ్రుల ఆసక్తితో మొదలైన ఈ పని ఎక్కువగా స్వచ్ఛంద శ్రమ మీదే సాగుతోంది.

ఈ తపన కంప్యూటర్ల కంటే పాతది. 1918లో వేటపాలెంలో వెలసిన సారస్వత నికేతనం పాత పత్రికలను, గ్రంథాలను దశాబ్దాలుగా కాపాడింది. అయితే వాటిని చూడాలంటే ఆ ఊరు వెళ్లక తప్పేది కాదు.

మొదటి అడ్డంకి లిపి. 1991లో వచ్చిన యూనికోడ్ తొలి వెర్షన్‌లోనే తెలుగు ఉన్నా, మామూలు కంప్యూటర్లలో అది కనబడటానికి చాలా ఏళ్లు పట్టింది. ఈలోగా అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో కన్నెగంటి రామారావు, ఆనంద కిశోర్ రూపొందించిన ఆర్‌టీఎస్ పద్ధతిలో ఇంగ్లీషు అక్షరాలతోనే తెలుగు రాసుకున్నారు. పత్రికల వెబ్‌సైట్లు ఒక్కొక్కటీ ఒక్కో ఫాంటు వాడేవి. ఒకచోట రాసింది మరోచోట వెతికితే దొరికేది కాదు. 1998లో మొదలైన ‘ఈమాట’ పత్రిక ఆ గందరగోళంలోంచే పాఠకులను చేరుకుంది.

నిఘంటువుల విషయంలో ‘ఆంధ్రభారతి’ది పెద్ద సేవ. వాడపల్లి శేషతల్పశాయి, కాలేపు నాగభూషణరావు నడిపిన ఈ వెబ్‌సైట్‌లో బ్రౌణ్య నిఘంటువు, శబ్దరత్నాకరం, సూర్యరాయాంధ్ర నిఘంటువు వంటివన్నీ ఒకే పెట్టెలో వెతకవచ్చు. లక్షల పదాలను ఓపికగా టైపు చేసి తప్పులు దిద్దడం ఒక విశ్వవిద్యాలయం చేయదగ్గ పని.

ఆర్‌టీఎస్‌ను యూనికోడ్‌లోకి మార్చే ‘పద్మ’ను తయారుచేసిన వెన్న నాగార్జున చొరవతో 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా ఆరంభమైంది. వీవెన్ అందించిన ‘లేఖిని’ అనే ఉపకరణం వల్ల తెలుగు టైపింగ్ తెలియనివారూ రాయగలిగారు. పాత పుస్తకాలను పుట పుటా అక్షరీకరించే వికీసోర్స్ 2005లో మొదలైంది.

స్కానింగ్ ఉద్యమానికి మూలపురుషుడు చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టిన కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి. ఆయన తలపెట్టిన పది లక్షల పుస్తకాల పథకంలో భాగంగా డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేల తెలుగు గ్రంథాలను స్కాన్ చేసింది. కానీ పేర్లన్నీ ఇంగ్లీషు అక్షరాల్లో, తప్పులతో నమోదు కావడంతో ఎన్నో పుస్తకాలు ఉండీ లేనట్లే అయ్యాయి. తర్వాత ఆ వెబ్‌సైట్ మూతపడింది. అప్పటికే ప్రతులను ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి చేర్చినవారి ముందుచూపు వల్లే అవి మిగిలాయి. పుస్తకాన్ని ఎక్కించడం కంటే దాన్ని దొరికేలా, నిలిచేలా చూడటమే ఈ రంగంలో అసలు కష్టం.

ఇలా మిగిలిన పాత పుస్తకాల నిధి ప్రకాశం జిల్లా పడమటి ప్రాంతాల వంటి చోట్లకు మరీ అవసరం. 1970లో జిల్లా ఏర్పడినప్పుడు దర్శి, పొదిలి ప్రాంతాలు నెల్లూరు నుంచి, మార్కాపురం, గిద్దలూరు కర్నూలు నుంచి వచ్చాయి. అందుకే దర్శి దగ్గరి ముండ్లమూరు పరిసరాల గతం తెలుసుకోవాలంటే బాస్వెల్ 1873లో రాసిన నెల్లూరు మాన్యువల్ తిరగేయాలి. దర్శి తాలూకా శాసనాలకు బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి 1905లో వెలువరించిన మూడు సంపుటాలు చూడాలి. మార్కాపురం వైపు చరిత్రకు 1886 నాటి కర్నూలు మాన్యువల్ ఆధారం. దాన్ని రాసిన నరహరి గోపాలకృష్ణమ శెట్టే, తొలి తెలుగు నవలల్లో ఒకటైన ‘శ్రీరంగరాజ చరిత్రము’ రచయిత కూడా. ఒకప్పుడు పెద్ద నగరాల గ్రంథాలయాలకే పరిమితమైన ఈ పుస్తకాలు ఇప్పుడు ముండ్లమూరులో ఫోను మీదే తెరుచుకుంటాయి.

ఈ స్వేచ్ఛకు చట్టం గీసిన హద్దు ఉంది. భారత కాపీరైటు చట్టం ప్రకారం రచయిత మరణించాక 60 ఏళ్లకు గానీ రచన ప్రజల పరం కాదు. 1953లో కన్నుమూసిన సురవరం ప్రతాపరెడ్డి రచనలు 2014లో ఆ హద్దు దాటాయి. హద్దులోపలి పుస్తకాలకు వారసుల అనుమతి కావాలి. వారసులెవరో కనుక్కోవడమే చాలాసార్లు పెద్ద పని.

వికీపీడియాలో చాలా గ్రామాల వ్యాసాలు 2011 జనగణన అంకెల దగ్గరే ఆగి ఉన్నాయి. చెరువు ఎవరు తవ్వించారో, గుడిలో శాసనం ఏం చెబుతుందో చేర్చడానికి మూలగ్రంథాలు సిద్ధంగా ఉన్నాయి. వాటిని చదివి తమ ఊరి పుటలో రాసేవారు ఇంకా కావాలి.