విశాఖ–భీమిలి తీరమార్గము: స్థలనామములు, ఛాయాచిత్రములు

విశాఖపట్టణమునుండి భీమునిపట్టణమునకుఁ గడలి యంచునఁ బోవు మార్గమున నేఁడు ప్రతిదినము ప్రాతఃకాలమున సైకిళ్లపై సంచరించువారు పెక్కుమంది కలరు. వారు నడుమనడుమ నిలిచి సూర్యోదయమును, ఋషికొండయొద్ది కెరటములను, వలలు లాగు జాలరులను, ఎఱ్ఱమట్టి దిబ్బలను ఛాయాచిత్రములుగాఁ దీసి సామాజిక మాధ్యమములందుఁ బ్రకటించుచున్నారు. ఇవి వినోదార్థములే కాని చరిత్రమునకుఁ బనికివచ్చునవి కావని పండితులలోఁ గొందఱి యభిప్రాయము. ఆ యభిప్రాయ మెంతవఱకు సమంజసమో విచారించుటయే యీ వ్యాసముయొక్క యుద్దేశము.

మొదట వాహనమునుగూర్చి యొకమాట. రెండు సమానచక్రములును, వెనుకచక్రమును ద్రిప్పు గొలుసును గల సైకిలు 1885వ సంవత్సరమున ఇంగ్లండునందు జాన్ కెంప్ స్టార్లీచే రూపొందింపఁబడెను. 1888లో డన్‌లప్ గాలిటైరును గనిపెట్టెను. మోటారుపైఁ బోవువాఁడు కొండపేరు అడుగకయే దాఁటిపోవును. కాలినడకనఁ బోవువాఁ డొక్కయుదయమున నీ మార్గమును ముగింపఁజాలఁడు. సైకిలువాఁడు మాత్రము చెట్టునీడనో తాటిముంజలవానియొద్దనో దిగి, "ఈ కొండ నేమందురు?" అని యడుగఁగలఁడు. ఆ ప్రశ్నకు వచ్చు ప్రత్యుత్తరమునందే చరిత్రము దాఁగియున్నది.

ఉదాహరణమునకుఁ దొట్లకొండను జూతము. 1970వ దశకమున నౌకాదళమువారి విమానపరిశీలనమున నీ కొండపైఁ బ్రాచీనావశేషము లున్నట్లు తెలియవచ్చెను. పిమ్మట రాష్ట్ర పురావస్తుశాఖవారు త్రవ్వకములు జరపి స్తూపమును, చైత్యగృహములను, విహారములను, భిక్షువుల భోజనశాలను వెలికిఁదీసిరి. శాతవాహనుల నాణెములును రోమకుల నాణెములును దొరకుటచే నిచ్చటి బౌద్ధసంఘమునకు సముద్రవ్యాపారముతో సంబంధ ముండెనని యూహింపవచ్చును. అయినను విమానము రాకపూర్వమే గ్రామస్థు లాకొండకుఁ దొట్లకొండ యని పేరిడియుండిరి. ఱాతిలోఁ దొలిచిన నీటితొట్లే యాపేరునకు మూలము. దాపుననున్న బావికొండకు సైతము బావులవలననే పేరు గలిగెను. అచ్చట 1982 మొదలు 1987 వఱకుఁ ద్రవ్వకములు జరగెను.

ఇందొక విశేషము గమనింపఁదగినది. దాతల పేర్లను, ఆచార్యుల పేర్లను జనులు మఱచిరి. స్తూపములు మట్టిఁ గలసెను. నీటి యాధారము మాత్రము పేరున నిలిచెను. కొండమీఁద వర్షాకాలము గడపు భిక్షువులకును, తరువాతికాలమునఁ బసులను మేపిన కాపరికిని నీరే ప్రధానము గదా. కావున నీనామములను బామరుల మాటలని త్రోసివేయక, మొట్టమొదటి స్థలపరిశోధనములుగా నెంచుట యుక్తము.

మార్గాంతమున, గోస్తనీనది కడలిఁ గలియుచోట భీమునిపట్టణ మున్నది. ఇచ్చట డచ్చివారు 17వ శతాబ్దిని వర్తకస్థానము నెలకొల్పిరి. 1825లో నది ఆంగ్లేయుల వశమయ్యెను. డచ్చివారి సమాధులపై మృతుల పేర్లును సంవత్సరములును జెక్కఁబడి యున్నవి. మన గోఁగునార యీ రేవునుండి యెగుమతియై, విదేశవర్తకులలో "బిమ్లీ జూటు" అను పేరఁ బ్రసిద్ధి గాంచెను. గోఁగునారను బట్టి యొక యూరిపేరు సముద్రములు దాఁటెనన్నమాట.

భీమిలికి మునుపే కాననగు ఎఱ్ఱమట్టి దిబ్బలు మనుష్యచరిత్రముకంటెఁ బ్రాచీనములు. సముద్ర మిప్పటికంటెఁ దగ్గియున్న కాలమున గాలి ప్రోగుచేసిన యిసుక ఇనుపత్రుప్పుచే నెఱ్ఱవడి, వానలచేఁ గోసికొనిపోయి లోఁతైన గండ్లుగా నేర్పడినది. దీనిని భారత భూవిజ్ఞాన సర్వేక్షణశాఖ భూవారసత్వస్థలముగా గుర్తించియున్నది. ప్రతివానయు దీని రూపమును గొంత మార్చుచునే యుండును.

ఇఁక ఛాయాచిత్రముల ప్రస్తావము. శాసనమందు సాధారణముగా శకవర్షము, స్థలము, దాత పేరు, పొలిమేర లుండును; అందుచేతనే యది ప్రమాణము. కొన్నిమాసముల క్రిందట మిత్రుఁ డొకఁడు నాకొక చిత్రమును బంపెను. అందు ఱాతిఁ దొలిచిన తొట్టి, దానిచెంత విఱిగిన యిటుకకట్టు స్పష్టముగా నున్నవి. క్రింద "విశాఖ తీరశోభ" యని మాత్రమే వ్రాయఁబడినది. అది తొట్లకొండయో, బావికొండయో, భీమిలియొద్ది పావురాలకొండయో తెలియలేదు. మిత్రుని నడిగితిని, అతనికి మఱొకఁడు పంపెనట, వానికి వేఱొకఁడు. సెల్‌ఫోను తీసిన చిత్రమున దినము దాఁగియుండునే కాని, చేతులు మాఱునప్పు డది తఱచుగాఁ దొలఁగిపోవును. ఆ యిటుకకట్టు ఎప్పుడు, ఎచ్చట విఱిగెనో నేఁటికిని నే నెఱుఁగను. చూపునకు సుందరమైన యాచిత్రము సాక్ష్యముగా నిష్ప్రయోజన మయ్యెను.

2014 అక్టోబరు 12వ తేదీని హుద్‌హుద్ తుపాను విశాఖయొద్దఁ దీరము దాఁటి లెక్కలేని వృక్షములఁ గూల్చెను. ఆ పూర్వపుఁ దీరమెట్లుండెనో చూపఁగలవి దినమును స్థలమును దెలియు చిత్రములే. పండితులు దర్శింపనేరని తావులను దినదినము దర్శించుచున్న యీ సైకిలువారు తలఁచినచో మనకు గొప్ప సహాయకులు కాఁగలరు.

కావునఁ బాఠశాలల యుపాధ్యాయులకు నాదొక విన్నపము. తమ విద్యార్థులు తీరమునకుఁ బోయినప్పుడు, తీసిన ప్రతిచిత్రము క్రిందను మూఁడు సంగతులు వ్రాయింపుఁడు: తీసిన దినము, స్థానికులు పలికిన స్థలనామము, తాము నిలిచి చూచిన దిక్కు. వానిలో మేలైనవాని ప్రతులను బాఠశాల గ్రంథాలయమున భద్రపఱపుఁడు. తొట్లకొండకుఁ బేరిడిన యజ్ఞాతజనులు చరిత్రము వ్రాయుచున్నామని తలఁపలేదు. ఉన్నదాని నున్నట్లు పేర్కొనిరి. మన బాలురును నట్లే చేసినచోఁ జాలును.