ఎడ్ రాబర్ట్స్

హెన్రీ ఎడ్వర్డ్ రాబర్ట్స్ (1941 సెప్టెంబరు 13 - 2010 ఏప్రిల్ 1) అమెరికా దేశానికి చెందిన ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు, పారిశ్రామికవేత్త, వైద్యుడు. సామాన్యులు సొంతంగా కొని ఇంట్లో బిగించుకోగలిగిన ఆల్టెయిర్ 8800 కంప్యూటరును రూపొందించి 1975లో అమ్మినందున ఇతనిని "వ్యక్తిగత కంప్యూటరు పితామహుడు" అని పేర్కొంటారు. అంతకు చాలాకాలం ముందే ఇతడు వైమానిక దళంలో రహస్య సంకేత యంత్రాల మరమ్మతు నేర్చుకొని, అదే పాఠశాలలో శిక్షకుడిగా పనిచేశాడు.

బాల్యం, చదువు

రాబర్ట్స్ ఫ్లోరిడా రాష్ట్రంలోని మయామీ నగరంలో జన్మించాడు. తల్లి నర్సు. తండ్రి గృహోపకరణాలకు మరమ్మతు చేసే వ్యాపారం నడిపేవాడు. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో తండ్రి సైన్యంలో ఉండగా, తల్లీకొడుకులు జార్జియా రాష్ట్రం వీలర్ కౌంటీలోని తాతగారి పొలంలో ఉన్నారు. యుద్ధం ముగిశాక మయామీకి తిరిగి వచ్చినా, వేసవి సెలవులు మాత్రం ఆ పల్లెలోనే గడిచేవి.

ఉన్నత పాఠశాలలో చదువుతున్నప్పుడే రాబర్ట్స్ రిలేలతో ఒక చిన్న కంప్యూటరును తయారు చేశాడు. అయితే అతని కోరిక వైద్యుడు కావాలని. ఆ ఉద్దేశంతోనే మయామీ విశ్వవిద్యాలయంలో చేరాడు. అక్కడ ఎలక్ట్రానిక్స్‌పై ఆసక్తి గల ఒక నరాల శస్త్రవైద్యుడు, ముందు ఇంజనీరింగు పట్టా పొంది ఆ తరువాత వైద్యవిద్యకు వెళ్ళమని సలహా ఇవ్వగా, ఎలక్ట్రికల్ ఇంజనీరింగుకు మారాడు. ఇంతలో వివాహమైంది, భార్య గర్భవతి అయింది. కుటుంబ పోషణ కోసం చదువు మానవలసి వచ్చింది.

వైమానిక దళంలో

వైమానిక దళంలో చేరినవారికి కళాశాల చదువు చెప్పించే పథకం ఉండడంతో, ఆ ఆశతో 1962 మేలో దళంలో చేరాడు. ప్రాథమిక శిక్షణ తరువాత టెక్సాస్‌లోని లాక్‌లాండ్ స్థావరంలో సంకేత యంత్రాల నిర్వహణ పాఠశాలకు పంపారు. సందేశాలను రహస్య లిపిలోకి మార్చే యంత్రాలను బాగు చేయడం అక్కడి విద్య. కళాశాలలో నేర్చిన ఇంజనీరింగు పరిజ్ఞానం కారణంగా, శిక్షణ పూర్తి కాగానే అతనిని ఆ పాఠశాలలోనే శిక్షకుడిగా నియమించారు.

జీతం చాలక పక్కపనులు కూడా చేసేవాడు. శాన్ ఆంటోనియోలోని జోస్కీస్ దుకాణం అద్దాల వెనుక క్రిస్మస్ బొమ్మలు కదిలేలా ఎలక్ట్రానిక్ పరికరాలను అమర్చినది ఇతడే. 1965లో చదువు పథకానికి ఎంపికై, 1968లో ఓక్లహోమా రాష్ట్ర విశ్వవిద్యాలయం నుండి పట్టా పొంది అధికారి అయ్యాడు. న్యూ మెక్సికో రాష్ట్రం ఆల్బకర్కీలోని ఆయుధ ప్రయోగశాలలో లేజర్ విభాగంలో నియమితుడయ్యాడు. ఆ ఏడాదే వైద్య కళాశాలలో ప్రవేశం గురించి విచారించగా, 27 ఏళ్ళ వయసు అందుకు ఎక్కువని తేలింది.

మిట్స్ సంస్థ

1969లో ఫారెస్ట్ మిమ్స్, మరో ఇద్దరు మిత్రులతో కలిసి మిట్స్ అనే సంస్థను స్థాపించాడు. మొదట నమూనా రాకెట్లలో అమర్చే చిన్న పరికరాలను, 1971 నుండి విడిభాగాలుగా కాలిక్యులేటర్లను అమ్మారు. తరువాత పెద్ద కంపెనీలు తయారైన కాలిక్యులేటర్లను మిట్స్ అమ్మకపు ధర కంటే తక్కువకే అమ్మసాగాయి. 1974 నాటికి సంస్థ దాదాపు 3 లక్షల డాలర్ల అప్పులో కూరుకుపోయింది. కంప్యూటరు ఆలోచన ఈ అప్పుల్లోనే పుట్టింది.

ఆల్టెయిర్ 8800

విడిగా కొంటే 360 డాలర్లు పలికే ఇంటెల్ 8080 ప్రాసెసర్లను, పెద్ద సంఖ్యలో కొంటానని చెప్పి ఒక్కొక్కటి 75 డాలర్లకు సంపాదించాడు. 200 కంప్యూటర్లు అమ్ముడైతే చాలు, ఖర్చులు గట్టెక్కుతాయి. పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రికకు పంపిన మొదటి యంత్రం దారిలో పోయింది. రెండవది తయారు చేసే వ్యవధి లేదు. అందువలన 1975 జనవరి సంచిక ముఖచిత్రంపై అచ్చయినది లోపల ఏమీ లేని ఖాళీ పెట్టె మాత్రమే! విడిభాగాల రూపంలో ధర 397 డాలర్లు. ఫిబ్రవరి నెలలోనే 1,000 ఆర్డర్లు వచ్చాయి. 60 రోజుల్లో పంపుతామన్న సరుకుకు నెలలు పట్టింది. ఆగష్టు నాటికి 5,000కు పైగా పంపగలిగారు.

కొన్నవాడికి చేతికందేది కంప్యూటరు కాదు, కంప్యూటరు కావలసిన సామాను. రెసిస్టర్లు, కెపాసిటర్లు, చిప్పులు ఒక్కొక్కటిగా బోర్డులపై పెట్టి సోల్డరింగ్ చేసుకోవాలి. ఒక్క అతుకు సరిగా పడకపోయినా యంత్రం పలకదు. అప్పుడు తప్పు ఎక్కడున్నదో కొన్నవాడే వెతుక్కోవాలి. తెర లేదు, కీబోర్డు లేదు. ముందు పలకపై ఉన్న మీటలను పైకి, క్రిందికి వేసి సున్నాలు, ఒకట్లుగా ఆదేశాలను ఎక్కిస్తే, ఫలితం ఎర్రదీపాలలో కనిపించేది. మొదటి యంత్రపు జ్ఞాపకశక్తి 256 బైట్లు మాత్రమే. సంస్థ తరువాత అమ్మిన 4 కిలోబైట్ల మెమరీ బోర్డులు సరిగా పనిచేయక అపఖ్యాతి తెచ్చాయి.

దీనితోపాటు ఇచ్చిన పుస్తకాన్ని మిమ్స్ వ్రాశాడు. ప్రతిఫలంగా అతడు పుచ్చుకొన్నది ఒక ఆల్టెయిర్. మీటలు వేసే విధానానికి ముందు ఆ పుస్తకం తర్కం, ద్విసంఖ్యామానం మొదలైన మూలపాఠాలను చెబుతుంది. పాఠ్యపుస్తకంగానూ అది పనికివస్తుంది. 1975 మార్చిలో కాలిఫోర్నియాలోని ఒక గ్యారేజీలో ఔత్సాహికులు ఈ యంత్రాన్ని చూడడానికి కూడి హోమ్‌బ్రూ కంప్యూటర్ క్లబ్బును ఆరంభించారు. తరువాత యాపిల్ కంప్యూటరును నిర్మించిన స్టీవ్ వోజ్నియాక్ అందులో సభ్యుడు. బిల్ గేట్స్, పాల్ అలెన్‌లు ఆల్టెయిర్ కోసం బేసిక్ భాషను వ్రాసి, ఆల్బకర్కీలోనే మైక్రోసాఫ్ట్‌ను ప్రారంభించారు.

వైద్యవృత్తి

1977లో మిట్స్‌ను పెర్టెక్ కంపెనీకి అమ్మివేసి, రాబర్ట్స్ వీలర్ కౌంటీకి వెళ్ళి వ్యవసాయం చేపట్టాడు. 1982లో మేకన్ నగరంలోని మెర్సర్ విశ్వవిద్యాలయం వైద్య కళాశాలను ప్రారంభించగా తొలి తరగతిలో విద్యార్థిగా చేరి, 1986లో 44 ఏళ్ళ వయసులో వైద్య పట్టా పొందాడు. కాక్రన్ అనే చిన్న ఊరిలో వైద్యశాల పెట్టి, చివరి వరకు అక్కడే రోగులను చూశాడు.

2010లో న్యుమోనియాతో ఆసుపత్రిలో ఉన్నప్పుడు బిల్ గేట్స్ వెళ్ళి చూసివచ్చాడు. ఆ ఏడాది ఏప్రిల్ 1న, 68వ ఏట, మేకన్‌లో మరణించాడు.