కృతికి చిత్రవ్యాఖ్య: ఎస్. రాజం నీటిరంగుల చిత్రాలు

కృతిని తెలుగు శాఖలు సాహిత్యంగా చదువుతాయి. సంగీత శాఖలు స్వరరచనగా వింటాయి. ఈ రెండు దృష్టులనూ సమన్వయించిన వారిలో అనంతపురం జిల్లాలో జన్మించి, అన్నమాచార్య కీర్తనలను స్వరపరచిన రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ (1893-1979) అగ్రగణ్యులు. కృతిని మూడవ కళతో, అంటే చిత్రలేఖనంతో, అన్వయించిన విద్వాంసుడు మద్రాసుకు చెందిన ఎస్. రాజం (1919-2010). ఆయన తమిళుడే అయినా, ఆయన చిత్రాలు త్యాగరాజ సాహిత్య పరిశోధకులకు ఒక మౌలికమైన ప్రశ్నను స్ఫురింపజేస్తాయి: కృతిలోని మాట చిత్రకారునికి ఏ మేరకు రూపాన్ని ఇస్తుంది?

రాజం ప్రసిద్ధ వైణికుడు ఎస్. బాలచందర్‌కు అన్న. 1934 నాటి ‘సీతాకల్యాణం’ తమిళ చలనచిత్రంలో శ్రీరామ పాత్ర ధరించారు. దీక్షితుల వంశీయుడైన అంబి దీక్షితుల వద్ద, పాపనాశం శివన్ వద్ద సంగీతం అభ్యసించారు. గాయకులు సాధారణంగా వెనుకాడే వివాది మేళాలు 72లో 40 ఉన్నాయి. కోటీశ్వర అయ్యర్ 72 మేళాలలో రచించిన కృతులను ప్రచారంలోకి తెచ్చి, ఆ వెనుకబాటును తొలగించడానికి రాజం కృషి చేశారు.

చిత్రకళను ఆయన మద్రాసు ప్రభుత్వ కళాశాలలో అభ్యసించారు. అప్పటి ప్రిన్సిపాలు దేవీప్రసాద్ రాయ్ చౌధురి అవనీంద్రనాథ ఠాకూర్ శిష్యుడు. అదే వంగ సంప్రదాయం ప్రమోదకుమార చటర్జీ ద్వారా బందరులోని ఆంధ్ర జాతీయ కళాశాలకు చేరి, అడివి బాపిరాజు వంటి వారిని తీర్చిదిద్దింది. పలుచని రంగును పొరలు పొరలుగా పరిచే నీటిరంగుల పద్ధతినీ, అజంతా రేఖానుశీలననూ రాజం తన మార్గంగా స్వీకరించారు.

ముత్తుస్వామి దీక్షితుల నవగ్రహ కృతులకు ఆయన చిత్రాలు రచించారు. ఈ కృతులు సంస్కృత ధ్యానశ్లోకాల సంప్రదాయానికి చెందినవి. శనిని స్తుతించే ‘దివాకర తనుజం’ కృతిలో కాటుకవంటి దేహకాంతి, కాకి వాహనం, నీలవస్త్రం, నీలిపూలదండ వర్ణితాలు. ఇక్కడ వర్ణమూ, వాహనమూ, ఆభరణమూ సాహిత్యంలోనే ఉన్నాయి. చిత్రకారుని పని అన్వయం.

త్యాగరాజు (1767-1847) తెలుగు కృతుల స్వభావం వేరు. ఆభేరి రాగంలోని ‘నగుమోము’లో భక్తుడు చూడగోరిన ముఖం ఎదుట లేదు. గరుత్మంతుడు వేగంగా రాలేకపోయాడా, నింగికీ నేలకూ ఎంతో దూరమన్నాడా అన్న సందేహమే అక్కడి విషయం. లక్షణాల పట్టిక లేదు, సంభాషణ ఉంది. రూపం లేదు, దాని కోసం పడే ఆరాటం ఉంది. ఇట్టి కృతిని దీక్షితుల కృతి వలె చిత్రించబోతే చిత్రం మాటను అనుసరించదు, దానికి లేనిదాన్ని చేరుస్తుంది. సంస్కృత స్తుతికీ తెలుగు నివేదనకూ గల భేదం ఈ విధంగా చిత్రకారుని ముందు స్పష్టమవుతుంది.

రాజం చిత్రించిన సంగీతత్రయ మూర్తులు సభావేదికలపైనా, పుస్తకాల ముఖపత్రాలపైనా సుపరిచితాలు. త్యాగరాజుకు ఛాయాచిత్రం లేదు గనుక, ఈ మూర్తి తరువాతి తరాలకు ఆయన ముఖమే అయింది. దీన్ని చారిత్రక సాక్ష్యంగా గ్రహించడం పొరపాటు. కృతులను జీవితమంతా పాడిన విద్వాంసుని వ్యాఖ్యగా గ్రహించడం సమంజసం. టీకాతాత్పర్యాలకు పరిశోధనలో ఇచ్చే స్థానం ఇటువంటి చిత్రవ్యాఖ్యకూ ఇవ్వవలసి ఉంది. అయితే టీకను మూలంతో సరిచూసినట్లే, చిత్రాన్ని కృతితో సరిచూచిన తరువాతనే ఆ స్థానం ఇవ్వాలి.