ఏలుబడికి హక్కెక్కడిది?

హైదరాబాదు నుండి కర్నూలు పోవు బాటలో జడ్చర్ల కలదు. దాని చెంతనే అల్వాన్‌పల్లి వద్ద ఇటుకలతో కట్టిన ప్రాచీన జైనాలయమును, గంగాపురమున కళ్యాణి చాళుక్యుల నాటి చెన్నకేశవాలయమును నేటికిని చూడవచ్చును. చాళుక్యులు మొదలు అసఫ్‌జాహీల వరకు ఎన్నో వంశముల వారు ఈ నేలపై శిస్తు వసూలు చేసిరి. శిస్తు చెల్లించిన రైతు మాత్రము "నన్నేలు హక్కు నీకెవరిచ్చిరి?" అని అడుగజాలకపోయెను. ఆ ప్రశ్ననే హైదరాబాదు సంస్థాన చరిత్ర నాధారముగా గొని నేడు పరిశీలింపదలచితిమి.

1724లో స్వతంత్రించిన మొదటి అసఫ్‌జా మొగలుల సుబేదారు. ఢిల్లీ శక్తి నామమాత్రమైన పిమ్మటను 1857 తిరుగుబాటు కాలము వరకు హైదరాబాదు నాణెములపై మొగలు చక్రవర్తి పేరే యుండెను. ఆ తరువాత ఆంగ్లేయుల అండ మిగిలెను. 1926లో వైస్రాయి రీడింగు, బ్రిటిషు సార్వభౌమత్వమే సర్వోన్నతమని నిజామునకు నిష్కర్షగా వ్రాసెను. 1947 జూనులో నిజాము ఫర్మానా జారీచేసి, ఆంగ్లేయులు తొలగిన నాడు తాను స్వతంత్ర ప్రభువగుదునని ప్రకటించెను. ఈ వాదము వట్టిది కాదు. సంస్థానములపై బ్రిటిషు ఆధిపత్యము అంతరించునని భారత స్వాతంత్ర్య చట్టమే చెప్పినది. అయితే చక్రవర్తి నుండి సుబేదారునకు, వైస్రాయి నుండి నిజామునకు చేతులు మారిన ఈ లెక్కలో 1 కోటి 60 లక్షల ప్రజల పద్దు లేదు.

ప్రజలు తరతరములుగా లోబడియుండిరి గదా, అదియే సమ్మతి కాదా యని కొందరనవచ్చును. నోరు కట్టివేసి, మౌనమును అంగీకారమనుట న్యాయము కాదు. 'గస్తీ నిషాన్ తిర్పన్' అను 53వ నంబరు ఆజ్ఞ ననుసరించి సభ జరుపుటకు ముందుగా సర్కారు అనుమతి కావలెను. అట్టి దినములలోనే 1931లో దేవరకొండలో, 1936లో షాద్‌నగరులో ఆంధ్ర మహాసభలు జరిగెను.

సర్వంకష ప్రభుత్వముల తీరు వేరు. నిరంకుశ ప్రభువు ప్రజల విధేయతతో తృప్తిపడును. సర్వంకష రాజ్యము వారి మనస్సును, చప్పట్లను గూడ కోరును. 1934 ఆగస్టులో జర్మనీలో హిట్లరు నడపిన ప్రజాభిప్రాయ సేకరణలో నూటికి 90 మంది వరకు 'ఔను' అనిరి. ఎదుటి పక్షములను నిషేధించి, ప్రత్యర్థులను చెరలో నుంచి సంపాదించిన 'ఔను' అది. 'కాదు' అనుటకు వీలులేని చోట 'ఔను'కు విలువ లేదు. నిజాము పాలనను హిట్లరు పాలనతో సమానమనుట అతిశయోక్తి యగును. కాని ఈ ఒక్క పరీక్షలో రెండును తప్పినవి.

ప్రజారక్షణము రాజ్యమునకు మరియొక ఆధారము. 1947–48లో రజాకార్ల దండు పెచ్చుపెరిగి ఆ ఆధారము గూడ సడలెను. ఆత్మకూరు చెంత అప్పంపల్లిలో ఉద్యమకారులపై తుపాకులు పేలినది 1947లోనే.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యము ప్రవేశించెను. 17న నిజాము లొంగెను. అయితే గెలుపు తనంతట హక్కు కాదు. ఆ వెనువెంటనే, ముఖ్యముగా మరాఠ్వాడా ప్రాంతమున, ముస్లిములపై ఘోరములు జరిగెను. పండిత సుందర్‌లాల్ సంఘము మృతులను 27,000 నుండి 40,000 వరకు అంచనా వేసెను. ఆ నివేదిక దశాబ్దముల తరబడి మరుగున పడియుండెను. పాత ప్రభువును తూచిన త్రాసులోనే క్రొత్త ప్రభువును గూడ తూచవలెను గదా!

జనరల్ చౌదరి సైనిక పాలనగాని, తరువాతి వెల్లోడి ప్రభుత్వముగాని ఓట్లచే నేర్పడినవి కావు. 1952లో వయోజనులందరకు ఓటు లభించెను. నాడు దేవరకొండ మహాసభకు అధ్యక్షత వహించిన బూర్గుల రామకృష్ణారావుగారే ముఖ్యమంత్రియైరి. అప్పుడు గాని పాలమూరు రైతు ప్రశ్నకు తొలి జవాబు దొరకలేదు.

అది తుది జవాబు కాదు. ఏలువారిని దించు అధికారము, కాదని చెప్పు ధైర్యము, చెప్పినవానికి రక్షణ — ఈ మూడును నిలిచియున్నంత కాలమే రాజ్యమునకు హక్కు నిలిచియుండును.